స్టాండర్డ్ లైబ్రరీలలో అసింక్రనస్ నెట్‌వర్కింగు: ఒక సమీక్ష

ఒక ప్రోగ్రామింగు భాషతో పాటు దాని నిర్మాతలే పంచిపెట్టెడి స్టాండర్డ్ లైబ్రరీయందు ఏమేమి యుండవలెను, ఏమేమి వెలుపలివారి ప్యాకేజీలకు విడిచిపెట్టవలెను అను ప్రశ్న భాషాకర్తల చర్చలకే పరిమితమైనదని పలువురు తలంతురు గాని, కడపలోను కర్నూలులోను కంప్యూటరు విద్య నభ్యసించు విద్యార్థికి అది నిత్యము చేతికి తగులు ప్రశ్న. ప్రయోగపరీక్షనాడు ల్యాబులో ఇంటర్నెట్టును ఆపివేయుట పరిపాటి. పిప్ అను ప్యాకేజీ సాధనము ఆనాడు పనికిరాదు. పైథాన్‌ను ఇన్‌స్టాల్ చేసినపుడు యంత్రములోనికి వచ్చినది ఎంతయో అంతయే ఆ విద్యార్థి యాస్తి. సెలవులకు ఇంటికి పోయినచో కొండల నడుమ పల్లెలో ఫోను హాట్‌స్పాటే గతి. తెరమీద సిగ్నలు గీతలు నిండుగా కనబడుచుండగనే డేటా మాత్రము నిలిచిపోవుట అచ్చట వింత గాదు. 2008లో ఇడుపులపాయలో వెలసిన ట్రిపుల్ ఐటీ, 2015లో కర్నూలు పేర ఆరంభమై తరువాత జగన్నాథగట్టుమీద నెలకొనిన ఐఐఐటీడీఎం, వీనికంటె ముందునుండియు పనిచేయుచున్న ఇంజనీరింగు కళాశాలలు, ఈ మెట్టసీమ బాలబాలికలను పెక్కుమందిని ఈ విద్యలో ప్రవేశపెట్టినవి. పట్టణములోని వేగవంతమైన నెట్‌వర్కు నడుమ కూర్చుండి లైబ్రరీలను రచించువాడు కడపట గుర్తించు లోపమును వీరు మొదటి వారముననే ఎదుర్కొందురు. ఆ లోపమేదియో చూపుటయే ఈ సమీక్షకు ప్రయోజనము.

విషయమును మూలమునుండి చూతము. ఒక విద్యార్థిని కర్నూలు ఉల్లి, ఆదోని పత్తి, కడప పసుపు, ఈ మూడు మార్కెట్ల నాటి ధరలను మూడు సర్వరులనుండి తెచ్చి యొక్కచోట చూపు చిన్న ప్రోగ్రామును వ్రాయుచున్నదనుకొందము. సామాన్యరీతిని వ్రాసినచో ప్రోగ్రాము మొదటి సర్వరునకు అభ్యర్థన పంపి, ప్రత్యుత్తరము వచ్చువరకు నిశ్చేష్టమై నిలిచియుండును. అది చేరిన పిమ్మటనే రెండవదానిని, దాని పిమ్మటనే మూడవదానిని అడుగును. ఒక్కొక్కటికి రెండేసి సెకండ్లు పట్టినచో మొత్తమారు సెకండ్లు గడచును. అందు ప్రాసెసరు నిజముగా పాటుపడిన కాలము సెకండులో అత్యల్పాంశము మాత్రమే, తక్కినదంతయు నిరీక్షణమే. దీనికి విరుగుడుగా ఒక్కొక్క సర్వరునకు ఒక్కొక్క థ్రెడ్డును కేటాయించుట పూర్వపద్ధతి. ముగ్గురితో మాటలాడునప్పుడు అది చక్కగానే నడచును గాని, పదివేలమందికి సమాధానము చెప్పవలసిన సర్వరునకు పదివేల థ్రెడ్లును, వాని స్టాకులును, వానిని మార్చిమార్చి నడపు ఆపరేటింగు సిస్టముయొక్క శ్రమయు పెనుభారమగును. డాన్ కెగెల్ 1999లో దీనికే సీ10కే సమస్య యని పేరిడి, నాటికి తెలిసిన ఉపాయముల నన్నిటిని ఒక్కచోట కూర్చెను.

అసింక్రనస్ పద్ధతి ఈ భారమును తొలగించు విధము మన చెరువుల క్రింది వ్యవసాయము నెరిగినవారికి సులభగ్రాహ్యము. నీరుగంటి ఒక మడి నిండువరకు ఆ గట్టుననే కూర్చుండడు. ఈ మడికి నీరు మళ్లించి, అది నిండులోపల మరియొక కాలువను చూచి, ఏది నిండెనో గమనించి దాని గండి పూడ్చి, ఎవరి వంతు వచ్చెనో వారి మడికి గండి తీయును. ఈవెంట్ లూపు అనబడునది చేయు పని సరిగా నిట్టిదే. ఏ సాకెట్టునందు డేటా వచ్చినదో ఆపరేటింగు సిస్టమును అడిగి తెలిసికొని, ఆ సాకెట్టుకై కాచుకొనియున్న ప్రోగ్రాముఖండమును మేల్కొల్పి, అది మరల నిరీక్షణలో పడినంతనే వేరొకదానిని చేపట్టును. ఒక్క నియమము మాత్రము అనుల్లంఘనీయము: ఏ ఖండమును లూపును తనయొద్ద కట్టివేసికొనరాదు, మామూలు టైమ్ స్లీప్ నొకచోట పిలిచితిమా, తక్కినవన్నియు ఎండిపోవును.

ఏ సాకెట్టు సిద్ధమైనదని ఆపరేటింగు సిస్టము నడుగు మార్గమే యొక్కొక్కచోట నొక్కొక్క తీరున నుండుట ఈ కథలోని ప్రథమ చిక్కు. 1983లో బీఎస్‌డీ యూనిక్సు సెలెక్ట్ అను పిలుపును తెచ్చెను. 2000లో ఫ్రీబీఎస్‌డీ కేక్యూను, 2002లో లినక్సు ఈపోల్‌ను చేర్చుకొనెను. విండోసు మాత్రము సాకెట్టు సిద్ధమైనదని గాక, చేయుమన్న పని ముగిసినదని తెలుపు కంప్లీషన్ పోర్టుల పద్ధతిని అనుసరించెను. సిద్ధమగుటయు ముగియుటయు స్వభావముచేతనే భిన్నములు గనుక, ఈ రెండింటిని ఒకే ముఖముతో చూపవలెనన్న నడుమ నొక లైబ్రరీ ఆవశ్యకమయ్యెను. దానిని ఎవరు వ్రాయవలె ననుటయే మన ప్రశ్న.

పైథాన్ భాష ఈ ప్రశ్నకు రెండుమార్లు ఉత్తరమిచ్చెను గనుక దాని చరిత్ర యొద్ద కొంత నిలువదగును. శామ్ రషింగ్ రచించిన అసింకోర్ అను మాడ్యూలు 1990ల తుదిభాగముననే స్టాండర్డ్ లైబ్రరీలో చేరెను. అది సెలెక్ట్ పిలుపుమీద పలుచని పొర. డిస్పాచర్ అను క్లాసునుండి తన క్లాసును పుట్టించి, చదువుటకు వ్రాయుటకు తగిన మెథడ్లను ఎవరికి వారు నింపుకొనవలెను. లోపలి నిర్మాణమునకును వెలుపలివారికి చూపు ముఖమునకును నడుమ గోడ లేకపోవుటచే, జనులు లోపలి భాగములనే పట్టుకొని ప్రోగ్రాములు వ్రాసిరి; దానితో ఏ చిన్న లోపమును దిద్దబోయినను ఎవరిదో యొక ప్రోగ్రాము చెడుట తప్పకపోయెను. స్టాండర్డ్ లైబ్రరీలో అకాలముగ ప్రవేశించిన వస్తువు పెరుగజాలదు, పోజాలదు. అసింకోర్ పూర్తిగా తొలగిపోవుటకు 2023లో వెలువడిన 3.12వ వెర్షను రావలసివచ్చెను.

ఈ లోపల నిజమైన వికాసమంతయు వెలుపల జరిగెను. గ్లిఫ్ లెఫ్కోవిట్జ్ ప్రారంభించిన ట్విస్టెడ్, 2009లో ఫేస్‌బుక్ లోకమునకు విడుదల చేసిన టొర్నేడో, గెవెంట్ మొదలగునవి వేటికవి తమ తమ ఈవెంట్ లూపులతో వర్ధిల్లినవి. ఫలితమేమనగా ట్విస్టెడ్ కొరకు వ్రాసిన డేటాబేసు లైబ్రరీ టొర్నేడోవారికి ఉపకరింపలేదు; ఒకే పనిని రెండుమూడు చోట్ల రెండుమూడు మార్లు చేయవలసివచ్చెను. లారెన్స్ వాన్ హౌట్వెన్ 2011లో పీఈపీ 3153 అను ప్రతిపాదనతో దీనికి మార్గము చూపబోయెను. డేటాను మోసికొనిపోవు ట్రాన్స్‌పోర్టును, ఆ డేటాకు అర్థము చెప్పు ప్రోటోకాలును వేరుపరచవలెనన్నది అందలి ముఖ్యాభిప్రాయము. మరుసటి సంవత్సరము డిసెంబరులో భాషాకర్త గీడో వాన్ రోసమ్ తానే పూని పీఈపీ 3156 రచించెను. ట్యూలిప్ అను పేర పెరిగిన ఆ కృషియే అసింక్ఐఓ అను మాడ్యూలుగా 2014 మార్చిలో 3.4వ వెర్షనులో చేరినది.

ఇందు రెండు నిర్ణయములు మిక్కిలి శ్లాఘనీయములని నా తలంపు. మొదటిది, ఈవెంట్ లూపును ఒక వస్తువుగా గాక ఒక ఒడంబడికగా నిర్వచించుట. తనకు నచ్చిన లూపును ఎవరైనను రచించి పాతదాని స్థానమున నిలుపవచ్చును. 2016లో యూరీ సెలివనోవ్ లిబ్‌యూవీ అను లైబ్రరీ ఆధారముగా యూవీలూప్‌ను రచించి, పైనున్న ప్రోగ్రాములలో లూపును నిలుపు పంక్తి దక్క వేరేమియు మార్పించకయే వేగమును పెంచగలుగుట దీని ఫలమే. రెండవది, దానిని తాత్కాలికమని ప్రకటించి ప్రవేశపెట్టుట. 2016 డిసెంబరులో 3.6వ వెర్షను వచ్చువరకు మార్పులు చేయు హక్కును నిర్మాతలు తమయందే యుంచుకొనిరి. అసింకోర్ నేర్పిన పాఠమును వీరు విస్మరింపలేదు. 2015లో సెలివనోవ్ ప్రతిపాదనచే అసింక్, అవెయిట్ అను రెండు పదములు భాషలోనే చేరుటతో అంతకు ముందు జెనరేటర్ల మాటున నడచిన వ్యవహారము బయలుపడి, చదువువానికి సుబోధమయ్యెను.

అయినను తొలిరోజుల అసింక్ఐఓను చేతబట్టినవారు పడిన శ్రమ సామాన్యము గాదు. ప్రోగ్రామును ఆరంభించుటకు లూపును తెచ్చుకొని, నడపి, మూసివేయు పంక్తులను ప్రతివారును వ్రాసికొనవలసియుండెను. వీనికి బదులుగా అసింక్ఐఓ రన్ అను ఒక్క పిలుపు 2018లో గాని రాలేదు. ఇంతకంటె సూక్ష్మమైన చిక్కొకటి కలదు. క్రియేట్ టాస్క్ అని పిలిచి యొక పనిని పంపివేసి, తిరిగివచ్చిన టాస్కును ఏ పేరునకును కట్టుకొనకున్నచో, లూపు దానిని బలహీనమైన రెఫరెన్సుతో మాత్రమే గుర్తుంచుకొనును గనుక, చెత్తనేరు యంత్రాంగము ఆ పనిని నడిమధ్యననే తుడిచివేయవచ్చును. పని ముగియలేదు, పిలిచినవానికి తప్పిదమేదియు అందలేదు. డాక్యుమెంటేషనులో ఈ హెచ్చరిక యున్నది గాని, హెచ్చరికచే నిలువవలసిన సాధనము సగము సాధనమే.

నా దృష్టిలో నన్నిటికంటె పెద్ద లోపము నిరీక్షణను విరమించుట గూర్చినది. కాచుకొనుట ఎట్లో అసింక్ఐఓ మొదటినాడే చెప్పినది. కాచుకొనుట ఎప్పుడు ఎట్లు మానవలెనో స్థిరపడుటకు ఎనిమిదేండ్లు పట్టెను. టాస్కును రద్దుచేసినపుడు పుట్టు క్యాన్సెల్డ్ ఎర్రర్ మొదట సామాన్యమైన ఎక్సెప్షన్ల కులములోనిదై యుండెను. అన్ని తప్పులను పట్టుకొందమని వ్రాసిన ఎక్సెప్ట్ పంక్తి ఆ రద్దు ఆజ్ఞను సైతము మ్రింగివేసి, చావవలసిన పని చావక సాగుచుండెడిది. 2019లో 3.8వ వెర్షను దానిని వేరు శాఖకు మార్చెను. గడువు పెట్టుటకై మొదటినుండి యున్న వెయిట్ ఫర్ అను ఫంక్షను, గడువు ముగియుటయు పని ముగియుటయు ఒకే క్షణమున తటస్థించిన సందర్భములలో తడబడుచుండెడిది, 3.12లో గాని దానిని తిరగవ్రాయలేదు. 2017లో నథానియల్ స్మిత్ ట్రయో అను వెలుపలి లైబ్రరీని రచించి, ఒక పనినుండి పుట్టిన పిల్లపనులన్నియు ఆ పని ముగియులోపల ముగియవలెను, ఒకటి చెడినచో తక్కినవి రద్దగవలెను, ఏ తప్పిదమును గాలిలో కలిసిపోరాదు అను స్ట్రక్చర్డ్ కంకరెన్సీ నియమమును ఆచరణలో చూపెను. ఆ నియమమే 2022లో టాస్క్‌గ్రూప్ అను పేరున, టైమౌట్ అను తోడుతో, 3.11వ వెర్షనులో అసింక్ఐఓ నలంకరించెను.

ఇది పైథాన్‌కు మాత్రమే పట్టిన దోషమా యని విచారించితిమేని, గో భాషలోను ఇదియే కథ కానవచ్చుచున్నది. 2009లో ప్రకటితమైన గో ఈ సమస్యను మిక్కిలి సొగసుగా పరిష్కరించెను: ప్రోగ్రామరు సామాన్యరీతిని, కాచుకొనునట్లుగనే వ్రాయును, లోపల రన్‌టైము గోరొటీనును పక్కకు పెట్టి, ఈపోల్, కేక్యూ మున్నగువానిని తానే అడిగి, డేటా వచ్చినపుడు దానిని లేపును. అసింక్ అను ముద్ర వేసికొనిన ఫంక్షన్లు వేరు, వేసికొననివి వేరు అను కులభేదము ఆ భాషలో లేదు. హెచ్‌టీటీపీ సర్వరును క్లయింటును స్టాండర్డ్ లైబ్రరీలోనే యుండుట, 2012లో మొదటి వెర్షనుతో నాడు వ్రాసినది ముందును నడచునని మాట యిచ్చుట, దాని ప్రతిష్ఠకు మూలములు. అంతటి గోలోను విరమణ నియమమును మోసికొనిపోవు కాంటెక్స్ట్ ప్యాకేజీ స్టాండర్డ్ లైబ్రరీలో చేరుటకు 2016లోని 1.7వ వెర్షను రావలసివచ్చెను. అప్పటికి డేటాబేసు ప్యాకేజీలోని ఫంక్షన్లన్నియు కాంటెక్స్టును స్వీకరించు చోటు లేకుండ రూపొందియుండెను; ఇచ్చిన మాట తప్పరాదు; కావున క్వెరీ ప్రక్కన క్వెరీకాంటెక్స్ట్, ఎగ్జెక్ ప్రక్కన ఎగ్జెక్‌కాంటెక్స్ట్ అని జంట ఫంక్షన్లను నిలుపవలసినవారైరి. ఆ జంటలు నేటికిని అట్లే యున్నవి.

జావా మరియొక దూరపుదారిన నడచి గో చేరిన తావునకే చేరెను. 2002లో ఎన్ఐఓ, 2011లో దాని రెండవ విడత వచ్చినవి. కాల్‌బ్యాకుల చిక్కుముళ్లలో ప్రోగ్రామర్లు అలసిరి. తుదకు 2023 సెప్టెంబరులో జావా 21తో వర్చువల్ థ్రెడ్లు స్థిరపడినవి. పూర్వపు కాచుకొను ప్రోగ్రాములే ఇపుడు లక్షల సంఖ్యలో తేలికగా నడచును. పాతికేండ్లనాటి గ్రంథసముదాయమును వ్యర్థము గావింపక దానికే క్రొత్తప్రాణము పోయుట గొప్పపని యని నా విశ్వాసము. కాని పిల్లపనులను కట్టడిచేయు స్ట్రక్చర్డ్ కంకరెన్సీ మాత్రము జావా 25 వెలువడునాటికిని ప్రివ్యూ దశను దాటలేదు. ఇచ్చటను కాచుట ముందు, మానుట వెనుక.

సీ ప్లస్ ప్లస్ వారి విషయము విచారకరము. క్రిస్టఫర్ కోల్‌హాఫ్ రచించిన ఏసియో అను నెట్‌వర్కింగు లైబ్రరీ 2008లో బూస్ట్ అను లైబ్రరీల సంపుటములలో చేరి, ప్రపంచమంతట వినియోగములో నుండగా, దాని యాధారముగ రచింపబడిన నెట్‌వర్కింగు నిర్దేశము 2018లో టీఎస్ (టెక్నికల్ స్పెసిఫికేషన్) గా ప్రచురితమయ్యెను. అదియే ప్రమాణమున చేరునని యెల్లరును తలంచిరి. సీ ప్లస్ ప్లస్ 20లో చేరలేదు, 23లో చేరలేదు. 2021లో కమిటీ ఓట్లలో ఏసియో పద్ధతి అసింక్రనస్ పనులన్నిటికిని మూలాధారముగా తగదను అభిప్రాయము నెగ్గెను. భద్రత లేని సాకెట్టును ప్రమాణీకరింపవచ్చునా అను టీఎల్ఎస్ వాదము మరియొక యడ్డంకి యయ్యెను. దాని స్థానమున సెండర్ రిసీవర్ల పద్ధతి 26వ ప్రమాణమునకు ఆమోదమును పొందినది. ఇందు విరమణకు మొదటినుండియు తగిన మార్గము కల్పింపబడినది, అది మెచ్చదగినదే. కాని దానితో సాకెట్టు రాలేదు. సంపూర్ణమైన సిద్ధాంతము కుదురువరకు ఉపయోగకరమైన వస్తువును వాకిట నిలుపుట నా మతమున దోషము. పైథాన్‌వారి తాత్కాలిక ముద్రవంటిదానితో ప్రమాణములోనికే తీసికొను యుపాయ మొకటి వీరికిని ఉండియుండినచో ఇంత కాలము గడచెడిది కాదు.

రస్ట్ భాష బుద్ధిపూర్వకముగ సగమే లోపల నుంచుకొనినది. 1.0కు పూర్వము తనయందున్న గ్రీన్ థ్రెడ్లను భారమని తొలగించి, 2019లో ఫ్యూచర్ అను ట్రెయిటును, పిమ్మట అసింక్ అవెయిట్‌ను స్థిరపరచి, వానిని నడపు రన్‌టైమును మాత్రము వెలుపలివారికి విడిచెను. చిన్న చిప్పులనుండి పెద్ద సర్వరుల వరకు ఒకే వ్యాకరణము చెల్లుట దీనివలని లాభము. వ్యవహారములో టోకియో అను రన్‌టైము ఒక్కటియే అనధికార ప్రమాణమై నిలుచుటయు, అసింక్ చదువుటకు వ్రాయుటకు కావలసిన ట్రెయిట్లను టోకియో ఒక తీరున, ఫ్యూచర్స్ క్రేటు వేరొక తీరున నిర్వచించుటచే నడుమ అనువాదకపు పొరలు కావలసివచ్చుటయు దీనివలని నష్టము. ఆ రెండు ట్రెయిట్లనైనను లోపలికి తీసికొనవలసినది.

ఈ విచారమంతయు చేసిన మీదట మన ల్యాబులోని విద్యార్థిని కడకు తిరిగి వత్తము. ఆమె యంత్రములో నేటి పైథాన్ కలదు, ఇంటర్నెట్టులోనుండి ప్యాకేజీలను దించుకొను వీలు లేదు, ధరలనిచ్చు సర్వరులు మాత్రము కళాశాల లోపలి నెట్‌వర్కులోనే యున్నవి. మూడు మార్కెట్లకు మూడు టాస్కులను ఒక టాస్క్‌గ్రూపులో నడపవలెనని ఆమెకు తెలియును. ఒక్కొక్క టాస్కునకు పది సెకండ్ల గడువును, గడువు మీరినచో ధర అందలేదని చూపు పంక్తిని ఆమె వ్రాయగలదు. కాని ఆ టాస్కులో హెచ్‌టీటీపీ అభ్యర్థన పంపుటకు అసింక్ఐఓలో ఏ సాధనమును లేదు. ఏఐఓహెచ్‌టీటీపీ గాని, హెచ్‌టీటీపీఎక్స్ గాని వెలుపలినుండి తెచ్చుకొందమన్న దారి మూసియున్నది. లైబ్రరీలో నున్న యూఆర్ఎల్ఓపెన్ కాచుకొను జాతిది. లూపును కట్టివేయకుండ దానిని టు థ్రెడ్ అను 3.9నాటి ఉపాయముతో వేరు థ్రెడ్డునకు పంపవలసియుండును.

ఆదోని సర్వరు కనెక్షనును అంగీకరించి, ఐదేసి సెకండ్లకు ఒక్కొక్క బైటును మాత్రమే పంపుచున్నదనుకొందము. పది సెకండ్లకు టైమౌటు వచ్చును, టాస్కు రద్దగును, తెరమీద ఉల్లి, పసుపు ధరలు కనబడును. ప్రోగ్రాము మాత్రము ముగియదు. టాస్కును రద్దుచేయవచ్చును గాని థ్రెడ్డును రద్దుచేయు శక్తి పైథాన్‌కు లేదు. అది బైటు బైటుగా చదువుచునే యుండును, ముగింపు దగ్గర ప్రోగ్రాము దానికై కాచుకొనుచునే యుండును. యూఆర్ఎల్ఓపెన్‌కే పది సెకండ్ల గడువిచ్చినను ప్రయోజనము లేదు, ఏలయన ఆ గడువు రెండు రాకల నడుమనున్న నిశ్శబ్దమును కొలుచును గాని మొత్తము కాలమును కొలువదు. ఇట్లు చుక్కలు చుక్కలుగా వచ్చు డేటా మా పల్లెల ఫోను నెట్‌వర్కులో సర్వసాధారణము. మరియొక మార్గము ఓపెన్ కనెక్షన్‌తో సాకెట్టు తెరచి, అభ్యర్థన పంక్తిని, హోస్ట్ హెడ్డరును తానే వ్రాసి, వచ్చిన హెడ్డర్లను తానే విడదీసి, ఖండములుగా వచ్చు బాడీని తానే కూర్చుట. అందు విరమణ నిజమైన విరమణ యగును. గడువు ముగిసినంతనే సాకెట్టును మూసివేయవచ్చును. కాని అది పరీక్షాసమయమున రెండవ సంవత్సరపు విద్యార్థినిచే చేయింపదగిన పని కాదు.

హెచ్‌టీటీపీ మారుచున్నది గదా, 2015లో రెండవది, 2022లో మూడవది ప్రమాణములైనవి గదా, అట్టి చరవస్తువును స్టాండర్డ్ లైబ్రరీలో బంధించిన అసింకోర్ గతియే పట్టదా యని పెద్దలు శంకింతురు. ఆ శంక రెండవ, మూడవ వెర్షన్ల విషయమున సమంజసమే. వానిని వెలుపలనే యుంచవలెను. 1.1వది మాత్రము 1990ల నాటినుండి స్థిరపడి, ప్రతి సర్వరును అర్థము చేసికొను భాషయై యున్నది. అసింక్ఐఓలో ఇప్పటికే యున్న స్ట్రీములను, టీఎల్ఎస్‌ను ఆధారము చేసికొని, రీడైరెక్టుల, కుకీల జోలికి పోక, ఒక అభ్యర్థనను పంపి ఒక ప్రత్యుత్తరమును తెచ్చు చిన్న క్లయింటు ఒక్కటి చాలును. దానియందు కనెక్టగుటనుండి చివరి బైటు వరకు మొత్తము పనికి ఒకే గడువు వర్తింపవలెను, ఆ గడువు ముగిసినపుడు సాకెట్టు మూతపడి తీరవలెను, ప్రవేశించునపుడు తాత్కాలికమను ముద్రతోనే ప్రవేశింపవలెను.